ఎడమ పక్కవి ఇరవై

మా ఆయన కనిపించని పిల్లుల్ని లెక్కపెడతారు. కనిపించేవాటిని ఎవరైనా లెక్కపెడతారు, దానికి ఇన్నేళ్ళ చదువు అక్కర్లేదని ఆయన అంటారు.

పరిశోధనా కేంద్రం వెనకాల కొండల్లో మచ్చల అడవిపిల్లులున్నాయి. మనిషి అలికిడి వింటే చాలు, మాయమైపోతాయి. అందుకని దారుల పక్కన చెట్లకి కెమెరా పెట్టెలు కడతారు. పిల్లి ముందు నుంచి నడిస్తే పెట్టె దానంతటదే ఫొటో తీస్తుంది. ఒంటి మీది మచ్చల్ని బట్టి ఇది ఫలానా పిల్లి అని కంప్యూటర్ గుర్తుపట్టి నంబరు వేస్తుంది. ఏ పిల్లి ఎన్నిసార్లు మళ్ళీ కనిపించిందో చూసి, అసలు ఒక్కసారీ కనిపించనివి ఎన్ని ఉంటాయో మా ఆయన లెక్క కడతారు. ఎక్కువ పిల్లులు ఒక్కోసారే కనిపించి పోయాయనుకోండి, కనిపించనివి ఇంకా బోలెడున్నట్టు.

పెళ్ళైన కొత్తలో ఇదంతా విని, "మరి అసలేవీ కనిపించకపోతే?" అని అడిగాను. "అది వేరే పరిశోధనా పేపరు" అన్నారు ఆయన.

ఈ ఉద్యోగం సంగతి మా అత్తయ్యకి అర్థమయ్యేలా చెప్పడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

"డాక్టరేట్ అయిపోయిందిగా, మళ్ళీ ఈ పోస్ట్‌డాక్ ఏమిట్రా?"

"చదువయ్యాక చేసే పరిశోధన అమ్మా."

"అంటే ఉద్యోగమేగా?"

"ఉద్యోగమే."

"ఉద్యోగమైతే రెండేళ్ళకి ఎందుకు అయిపోతుంది?"

"ఒప్పందం అమ్మా అది. బాగా చేస్తే పొడిగిస్తారు."

"పొడిగించడానికి అదేమన్నా పిల్లదాని గౌనుట్రా, మడత విప్పి కిందికి దించడానికి!"

అత్తయ్య నవ్వులాటకి అన్నా, మా సంసారం మొత్తం ఆ పొడిగింపు కాగితం మీదే ఉంది. ఈ నెలాఖరుకి రెండేళ్ళు నిండుతాయి. కాగితం మీద పెద్దసారు సంతకం పడితే ఇంకో రెండేళ్ళు. పడకపోతే పదిహేను రోజుల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. పాపని పిల్లల డాక్టరుకి చూపించే కార్డు కూడా ఆ రోజుతో చెల్లదు. పాపకి పదకొండు నెలలు. చలిగాలి తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. నాకసలే భయం ఎక్కువ. అది పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పడుకోకపోతే ఎందుకు పడుకోలేదా అని నుదురు పట్టి చూస్తాను. "దాన్ని కాసేపు దాని మానాన ఉండనివ్వమ్మాయ్" అని అత్తయ్య రోజుకి పదిసార్లు అంటుంది. నేను రోజుకి పదిసార్లు సరేనంటాను.

ఇక పెద్దసారు. మా ఆయన పనిచేసే విభాగానికి ఆయనే పెద్ద. కొండల్లోకి వెళ్ళి పన్నెండేళ్ళయిందట. పిల్లుల్ని చూడ్డం వల్ల లెక్క మీద అనవసరమైన ప్రభావం పడుతుందని ఆయన అభిప్రాయం.

మూడేళ్ళ కిందట చేసిన లెక్కలో, దారికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఎదురెదురుగా పెట్టెలు కట్టారు. ముప్ఫై పిల్లులున్నాయని తేలింది. ఈసారి పెద్దసారు ఆ జంటల్ని విడగొట్టేశారు. ఉన్న పెట్టెలతోనే రెట్టింపు కొండ చుట్టేద్దామన్నారు. చోటుకొక పెట్టె. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారట. మా ఆయన కూడా కొట్టారు, నాకు ఇంటికొచ్చి చెప్పారు.

పెట్టెల్లోంచి అరవై వేల ఫొటోలొచ్చాయి. వాటిల్లో పిల్లి ఉందా, ఒట్టి ఆకు ఊగిందా అని ఒక్కొక్కటీ చూడాలి. ఆ పని చేసే అమ్మాయి మానేసింది. అప్పుడు మా ఆయన ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి, "నీకు టైమ్‌పాస్‌గా ఉంటుంది" అన్నారు. పాకే పిల్లతో టైమ్ పాస్ కాక నేను బాధపడుతున్నట్టు!

నేను ఇంటర్ మధ్యలో మానేశాను. అమ్మకి ఒంట్లో బాగుండక ఇంట్లో చెయ్యి కావాల్సొచ్చింది, తర్వాత పెళ్ళి. కాబట్టి లెక్కల వైపు వెళ్ళలేదు, ఫొటోల వైపే ఉన్నాను. మధ్యాహ్నం పాప ఒళ్ళో పడుకుంటే ఎడమ చెయ్యి దాని వీపు మీద, కుడి చెయ్యి మీట మీద. ఆకు. ఆకు. ఆకు. పంది. ఆకు. పిల్లి! నాలుగు నెలల్లో అరవై వేలూ అయిపోయాయి. కంప్యూటర్ నంబర్లు వేస్తుంటే నేను పేర్లు పెట్టుకున్నాను. చెవి తెగినామె, బొద్దాయన, పోజులరాయుడు. ఇవన్నీ మా ఆయనకి చెబితే, "మనం ఎవరి మీదా అభిమానం పెంచుకోకూడదు" అన్నారు.

మొత్తం ముప్ఫై ఎనిమిది పిల్లుల్ని గుర్తుపట్టారు. కనిపించనివి కూడా కలిపి లెక్క కడితే డెబ్బై ఒకటి. ముప్ఫై కాస్తా డెబ్బై ఒకటి! పెద్దసారు నేల మీద లేరు. నిధులిచ్చే సంస్థ మేడమ్ శుక్రవారం వస్తున్నారు, ఆవిడ ఎదుటే పొడిగింపు సంతకాలు అన్నారు. అత్తయ్య కొత్త కర్టెన్లకి కిటికీలు కొలిచేసింది.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చి ఇంకో శుభవార్త చెప్పారు.

"పెద్దసారు ఒక కొత్త సంగతి కనిపెట్టారు. ఈ పిల్లులు కూనల్ని ఉమ్మడిగా పెంచుతాయట. ఒక తల్లి కూనని ఇంకో తల్లి మోసుకెళ్ళడం మన ఫొటోల్లో దొరికింది. ఈ జాతిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. 'ఉమ్మడి తల్లితనం' అని పేరు కూడా పెట్టారు."

"ఏ ఫొటోలు?"

"పద్నాలుగో నంబరు ఆరూ పదికి కూనని నోట కరుచుకుని వెళ్తోంది. ఆరూ ముప్ఫై రెండుకి పై పెట్టె దగ్గర అదే కూన ముప్ఫై ఒకటో నంబరు నోట్లో ఉంది. కూన అదేనని ఖాయం, ముందుకాలు ఒకటి తెల్లగా ఉంది."

పద్నాలుగంటే చెవి తెగినామె. కూన కళ్ళు కూడా సరిగా తెరవలేదు. ఇరవై రెండు నిమిషాల్లో పక్కావిడ చేతికి ఇచ్చేసి వెళ్ళిపోయిందా? నేను పాపని అత్తయ్య చేతికిచ్చి స్నానానికి వెళ్తేనే తలుపు మూడుసార్లు తీసి చూస్తాను.

"ఆ రెండు ఫొటోలూ తియ్యండి" అన్నాను.

తీశారు. మొదటిదాంట్లో పిల్లి ఎడమ వైపుకి వెళ్తోంది, రెండోదాంట్లో కుడి వైపుకి. ఒంటి మీద మచ్చలు దేనివి దానివే, ఎక్కడా పోలిక లేదు. కానీ రెండిట్లోనూ కుడి చెవి కొసన అదే చీలిక. మొదటి ఫొటోలో ఎడమ చెవి వెనకాలనుంచి తొంగిచూస్తోంది, అంతే తేడా.

"ఇది అదేనండీ."

"కాదు. మచ్చలు వేరు. కంప్యూటర్ సరిపోల్చింది, నేనూ చూశాను."

"మచ్చలు వేరే ఉంటాయి. ఇది ఆ పక్క, అది ఈ పక్క."

అత్తయ్య పాపకి అన్నం కలుపుతూ వింటోంది. మెతుకుల చేత్తోనే పాప గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. అటు తిప్పింది. కుడి బుగ్గ శుభ్రంగా ఉంది.

"ఏరా, నీకు కూతుళ్ళు ఇద్దరుట్రా?" అంది.

మా ఆయన మొహంలో రంగు పోవడం నా కళ్ళారా చూశాను. కంచం పక్కకి నెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. చెయ్యి కూడా కడుక్కోలేదు.

జరిగిందేమిటంటే, పాత పట్టికలో 'పక్క' అని ఒక నిలువు వరస ఉండేది. ఫొటో పిల్లికి ఏ పక్కనుంచి పడిందో అందులో రాయాలి. పోయినసారి ఎదురెదురు పెట్టెలు కాబట్టి ఆ వరస నిండా 'రెండూ', 'రెండూ' అనే ఉంది. ఈసారి పని మొదలుపెట్టేముందు మా ఆయన పట్టిక శుభ్రం చేశారు. అన్ని గడుల్లో ఒకే మాట ఉంటే అది సమాచారం కాదని ఆ వరస తీసేశారు. ఆ రోజు నాకు కూడా చూపించారు, "చూడు, ఎంత నీటుగా ఉందో!" అని. ఇల్లు సర్దమంటే సర్దని మనిషి ఆ ఒక్క వరసా సర్దారు.

ఇప్పుడు చోటుకొక పెట్టే ఉంది. ఒక చోట ఎడమ పక్క పడుతుంది, ఇంకో చోట కుడి పక్క. ఒకే పిల్లికి రెండు నంబర్లు.

ఆయన ఎడమ పక్క పడ్డవి మాత్రం విడిగా తీసి లెక్కపెట్టారు. ఇరవై. కుడి పక్కవి పద్దెనిమిది. ఎడమవి మాత్రమే తీసుకుని మళ్ళీ మొత్తం లెక్క కడితే, కనిపించనివి కూడా కలిపి ఇరవై ఏడు. మూడేళ్ళ కిందటి ముప్ఫై కంటే మూడు తక్కువ.

"పిల్లులు పెరగలేదు" అన్నారు గోడకేసి చూస్తూ. "తప్పు నాదే."

ఇక్కడ నేను నిజాయితీగా పెద్దసారుకి చెప్పెయ్యమన్నానని రాసుకుంటే బాగుండేది. నేనలా అనలేదు. పాప ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకున్నాను. "శుక్రవారం సంతకం కానివ్వండి. సోమవారం చెబుదురుగాని" అన్నాను.

"తప్పు కదా?"

"పిల్లులకి తెలుస్తుందా మనం డెబ్బై అన్నా ఇరవై అన్నా? వాటి మానాన అవి ఉంటాయి."

ఆయనకీ ఎవరో ఒకరు అలా అనడమే కావాలి. "నిజానికి ఇంకొంచెం పరిశీలించకుండా తొందరపడి చెప్పడం కూడా శాస్త్రీయం కాదు" అన్నారు. అత్తయ్య మాత్రం పాప మూతి తుడుస్తూ, "ఇద్దరూ బానే చదువుకున్నారు" అంది.

శుక్రవారం పదింటికి కుటుంబాలతో రమ్మన్నారు. పరిశోధకులు కూడా మనుషులేనని నిధులిచ్చేవాళ్ళకి తెలియాలట. సెమినార్ హాల్లో కిటికీలన్నీ మూసి ఏసీ పెట్టారు. నేను పాపని శాలువాలో చుట్టి, గాలి తగలకుండా స్తంభం పక్కన కూర్చున్నాను. అత్తయ్య నా పక్కన. మా ఆయన ముందు వరసలో. వేదిక మీద బల్ల, బల్ల వెనక మేడమ్, బల్ల మీద పెద్దసారు పెన్ను, పెన్ను కింద నీలం ఫైలు. మా కాగితం అందులోనే ఉంది. నేను తెర వంక చూడలేదు, ఫైలు వంకే చూస్తున్నాను.

పెద్దసారు మాట్లాడ్డం మొదలుపెట్టారు. డెబ్బై ఒకటి తెర మీద తలకాయంత అక్షరాల్లో వచ్చింది. చప్పట్లు. తర్వాత చెవి తెగినామె రెండు ఫొటోలూ పక్కపక్కన వచ్చాయి.

"ఈ తల్లుల్ని చూసి మనం నేర్చుకోవాలి. కూనని నిశ్చింతగా పొరుగు తల్లికి అప్పగించి తన పని చూసుకుంటోంది. ఆందోళన లేదు, అనుమానం లేదు. మన తల్లులున్నారు" అని నా వైపు చూశారు, "ఎండాకాలం కూడా శాలువా కప్పుతారు."

హాలంతా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వబోయి ఆపుకుంది. నాకు చెంపలు మండాయి కానీ, ఫైలుంది కదా, నేనూ నవ్వాను.

తర్వాత తెర మీదకి ఒక మ్యాప్ వచ్చింది. అవతలి కొండల్లో ఈ పిల్లులు పూర్తిగా అంతరించిపోయాయట. ఇక్కడ ఇన్ని ఉన్నాయి కాబట్టి పన్నెండు తల్లుల్ని పట్టి అక్కడికి తరలిస్తారట.

"కూనలో?" అని అడిగారు మేడమ్.

"కూనల్ని కూడా తీసుకెళ్తే దారిలో చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. ఇక్కడే వదిలేస్తాం. ఉమ్మడి తల్లితనం ఉంది కదా, మిగతా తల్లులు పెంచుతాయి. వచ్చే నెల నుంచే మొదలు."

మా ఆయన ఉలిక్కిపడి తలెత్తారు. ఆయనకీ ఈ సంగతి అప్పుడే తెలిసిందని వెనకనుంచి భుజాలు చూస్తేనే తెలిసింది. నాకు తెల్లకాలు కూన కళ్ళ ముందుకొచ్చింది. దాన్నెవరు పెంచుతారు? రెండో తల్లే లేదు.

మేడమ్ ఊరికే నోట్ చేసుకోకుండా హాల్లోకి చూశారు. "ఏమ్మా, పిల్లతల్లివి నువ్వు. నీకెలా అనిపిస్తోంది?" అని నన్నే అడిగారు. నన్నే ఎందుకంటే, శాలువా.

లేచాను.

"ఆ ఇద్దరు తల్లులూ ఒకటే మేడమ్."

పెద్దసారు ముచ్చటపడ్డారు. "బాగా చెప్పావమ్మా! తల్లి మనసు ఎక్కడైనా ఒకటే."

"మనసు కాదు సార్. ఆ రెండూ ఒకటే పిల్లి. మీరు రెండుసార్లు లెక్కపెట్టారు."

పెద్దసారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఎంత శాతం నమ్మకంతో చెబుతున్నావమ్మా?"

"నూటికి నూరు సార్."

"సైన్సులో నూరు ఉండదు. తొంభై ఐదు ఉంటుంది."

"అయితే తొంభై ఐదే వేసుకోండి సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. అత్తయ్య నా మోచెయ్యి గిల్లి, "పిల్లని చూపించవే" అంది. శాలువా తీసి పాపని ఎత్తి పట్టుకున్నాను. ఎడమ బుగ్గ చూపించాను. "ఇక్కడ మచ్చ ఉంది." అటు తిప్పాను. "ఇక్కడ లేదు. మీ పట్టికలో ఇది ఇద్దరు పిల్లలు." పాప అంతమందిని ఒక్కసారి చూసి సంబరపడి, ఎదురుసీట్లో ఉన్నాయన కళ్ళజోడు లాగేసింది.

"ఇది ఉదాహరణ మాత్రమే" అన్నారు పెద్దసారు. "ఒక్క నమూనా మీద..."

"ఎడమ పక్కవి ఇరవై సార్." మా ఆయన లేచి నిలబడి ఉన్నారు. "కుడి పక్కవి పద్దెనిమిది. రెండూ కలిపేశాం. మొత్తం ఇరవై ఏడే ఉంటాయి. పక్క వరస తీసేసింది నేనే. మంగళవారమే తెలిసింది, చెప్పలేదు."

నేను ఫైలు వంక చూశాను. పెద్దసారు పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు.

మేడమ్ మ్యాప్ ఆపించారు. తల్లుల తరలింపు పక్కన పెట్టాలని, కూనలున్నవాటి జోలికి ఎవరూ వెళ్ళకూడదని అక్కడికక్కడే రాయించారు. పెద్దసారు మంచినీళ్ళు తాగారు. అర నిమిషం పట్టిందేమో. గ్లాసు కింద పెట్టేసరికి ఆయన మళ్ళీ మామూలు మనిషైపోయారు.

"మిత్రులారా, పక్కల వల్ల లెక్కలో ఎంత తేడా వస్తుందో ఇంత స్పష్టంగా బయటపెట్టిన మొదటి విభాగం మనదే" అన్నారు.

చప్పట్లు కొట్టారు. మళ్ళీ మా ఆయన కూడా కొట్టారు.

ఆ సాయంత్రమే సామాన్లు సర్దడం మొదలుపెట్టాను. పాప మందులు ఒక సంచిలో, గౌన్లు ఒక సంచిలో. మా ఆయన మంచం అంచున కూర్చుని, "నువ్వు సోమవారం అన్నావుగా" అన్నారు. కోపంగా అనలేదు. "మీరూ ఆగలేదుగా" అన్నాను. ఇద్దరం కాసేపు పాప వంక చూశాం. అదొక్కతే హాయిగా ఉంది, సంచిలోంచి గౌన్లు ఒక్కొక్కటీ బయటికి లాగుతోంది.

వారం తర్వాత కాగితం వచ్చింది. రెండేళ్ళు కాదు, ఎనిమిది నెలలు. కొత్త పని పేరు కాగితంలో మూడు వరసలుంది, నేను చదివేలోపే పాప ఒక వరస నమిలేసింది. మళ్ళీ అరవై వేల ఫొటోలకీ పక్క రాయాలి. ఆ తప్పు వల్ల లెక్క ఎంత పెరిగిందో కొలిచి పేపరు రాయాలి. ఆ పేపర్లో నేను కూడా ఉంటానట, పేరు లేకుండా, 'శిక్షణ లేని పరిశీలకురాలు' అని. ఎన్ని ఫొటోలకి ఎన్ని సరిగ్గా గుర్తుపట్టానో మా ఆయనే లెక్క కట్టారు. నూటికి తొంభై మూడు.

"మిగతా ఏడూ?" అన్నాను.

"నువ్వు పొరపడే అవకాశం."

"మరి మీకెంత?"

"అది ఈ పేపర్లో లేదు."

అత్తయ్య కొనేసిన కర్టెన్ గుడ్డ షాపుకి తిరిగివ్వలేదు, సగం కత్తిరించేసింది కాబట్టి. కుట్టుకుంటూ అడిగింది. "ఇంతకీ ఇప్పుడు నీది ఏం పనిరా?"

"ముందు చేసిన తప్పు ఎంత పెద్దదో లెక్కకట్టే పని అమ్మా."

అత్తయ్య దారం కొరికి తెంపింది. "నీ సర్వీసులో ఇదొక్కటే పర్మనెంటయ్యేలా ఉంది" అంది.

ఎనిమిది నెలల్లో మూడు వారాలు అప్పుడే అయిపోయాయి. మధ్యాహ్నం పాప ఒళ్ళో పడుకుంటే నేను ఫొటోలు చూస్తున్నాను. ఇవి కొత్తవి, పోయిన వారం పెట్టెల్లోంచి తీసినవి. ఆకు. ఆకు. పంది. చెవి తెగినామె, వెనకాల తన కాళ్ళ మీద తనే నడుస్తూ తెల్లకాలు కూన. తల్లి ఆగి వెనక్కి తిరిగి చూస్తోంది. వస్తోందో లేదోనని కాబోలు. నేను కొత్త వరసలో 'కుడి' అని కొట్టి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, తర్వాతి ఫొటో తెరిచాను.